రెండు గంటలు తీస్తే పదకొండు సెకన్లు: వంట వీడియోల ప్రాజెక్టు డైరీ

నేను కర్నూలు జిల్లాలో ఆదోని వైపు ఒక డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను. మా హోమ్‌సైన్స్ మేడం, నేను కలిసి పన్నెండు మంది సెకండియర్ పిల్లలకి నిమిషం లోపు వంట వీడియో తీయడం, దాన్ని ఎడిట్ చేయడం నేర్పాం. పదకొండు శనివారాలు పట్టింది. ఇంకెవరైనా ఇదే పని పెట్టుకుంటే మేం మాడ్చిన తిరగవాత మళ్లీ మాడ్చకుండా ఉంటారని ఇది రాస్తున్నాను. ఆలోచన ఎలా వచ్చింది, పిల్లలు ఎంత ఉత్సాహపడ్డారు లాంటివి రాయను. ఉత్సాహం మొదటి శనివారం మధ్యాహ్నానికే అయిపోయింది.

చేతిలో ఉన్నవి: హోమ్‌సైన్స్ ల్యాబులో రెండు పొయ్యిల గ్యాస్ స్టవ్, గ్రాముల త్రాసు, తూర్పు వైపు ఒక పెద్ద కిటికీ, నాలుగు ఎల్ఈడీ ట్యూబ్‌లైట్లు. పిల్లల ఆండ్రాయిడ్ ఫోన్లు ఆరు, అన్నీ మామూలువే. కంప్యూటర్ ల్యాబులో 4 జీబీ ర్యామ్ ఉన్న పాత సిస్టమ్‌లు. డబ్బు మా ఇద్దరి జేబుల్లోంచి.

మొదటి రోజే పెట్టిన షరతులు, చివరిదాకా మార్చనివి ఇవి:

1. వండేవాళ్లు వేరు, తీసేవాళ్లు వేరు. ఒకే మనిషి రెండు పనులూ చేయకూడదు.
2. చున్నీ వెనక్కి ముడి, జుట్టు పైకి. నూనె బాణలి దగ్గర ఒక్కరే.
3. వీడియోలో చేతులే కనబడాలి. ముఖం చూపించాలంటే ఆ మనిషే వచ్చి అడగాలి.

దశ 1: ఉగ్గాని, మూడు జట్లు (1వ శనివారం)

ఉగ్గాని ఎందుకంటే ఇక్కడ అందరికీ చేతొచ్చిన వంట. బొరుగులు నీళ్లలో ముంచి పిండేసి, ఉల్లిపాయ తిరగవాతలో కలిపి, పుట్నాల పొడి చల్లి, నిమ్మకాయ పిండితే అయిపోయె. పావుగంట పని. (కోస్తా వాళ్లు మరమరాలంటారు. మరమరాలతో ఉప్మా ఏంటని ముక్కున వేలేసుకునేవాళ్లు ఒకసారి మిరపకాయ బజ్జీతో కలిపి తిని మాట్లాడండి.) వంట సులువు కాబట్టి తీయడం కూడా సులువే అనుకున్నాను. ఆ లెక్క ఎక్కడ తప్పిందో నాకు పదకొండో వారానికి గానీ తెలియలేదు.

జట్టుకు నలుగురు. జట్టు 1 తీసింది 41 నిమిషాలు, జట్టు 2 తీసింది 36, జట్టు 3 తీసింది 52. మొత్తం 129 నిమిషాలు. సోమవారం ప్రొజెక్టర్ మీద వేసుకుని అందరం కూర్చుని చూశాం. ఏ సంకోచమూ లేకుండా వాడుకోగల ముక్కలు కలిపితే పదకొండు సెకన్లు వచ్చాయి. అందులో ఆరు సెకన్లు నిమ్మకాయ కోయడమే.

మిగతాది ఏమైందంటే, జట్టు 1 రికార్డు నొక్కి మర్చిపోయింది. ఉల్లిపాయలు వేగడం నాలుగు నిమిషాలూ అలాగే ఉంది, మధ్యలో ఎవరో ఎవరి పెళ్లి గురించో చెప్పుకుంటున్నారు. మూడు జట్లూ "హాయ్ ఫ్రెండ్స్, వెల్కమ్ టు అవర్ ఛానల్" అనడానికి కలిపి తొమ్మిది నిమిషాలు వాడారు. ఛానలే లేదు. జూమ్ లోపలికి, బయటికి, మళ్లీ లోపలికి. జట్టు 2 ఆవాలు వేసేటప్పుడు ఫోకస్ వెనక గోడ మీదున్న విటమిన్ల చార్టు మీదికి పోయింది. సరిచేసుకునేలోపు ఆవాలు పేలడం అయిపోయింది, కరివేపాకు నల్లబడింది. "మేడం, ఇంగోసారి ఏస్తే?" అని అడిగిందా అమ్మాయి. ఇంకోసారి వేయాలంటే బాణలి కడగాలి, నూనె మార్చాలి, ఉల్లిపాయలు మళ్లీ తరగాలి. జట్టు 3 ఫోన్ సరిగ్గా పుట్నాల పొడి చల్లేటప్పుడు "స్టోరేజ్ ఫుల్" అంది.

కొలిచి చూస్తే మా ఫోన్లలో 1080పి, సెకనుకు 30 ఫ్రేములతో తీసిన వీడియో నిమిషానికి 125-130 ఎంబీ తింటోంది. 129 నిమిషాలంటే 16 జీబీ పైచిలుకు.

మార్చినవి:

1. ఒక్కో షాటు 5 సెకన్లకు తగ్గకూడదు, 15 దాటకూడదు.
2. రికార్డు నడుస్తుండగా జూమ్ లేదు, నడక లేదు. దగ్గరగా కావాలంటే ఆపి, దగ్గరికి పోయి, మళ్లీ తీయాలి.
3. నొక్కాక రెండు సెకన్లు ఆగి చేయి కదపాలి. పని అయ్యాక రెండు సెకన్లు ఆగి ఆపాలి. ఎడిటింగులో కత్తిరించడానికి చోటుండాలి.
4. పొయ్యి వెలిగించే ముందు ఫోన్లో 8 జీబీ ఖాళీ ఉందో లేదో చూడాలి.

*ఇప్పటిదాకా: ఖర్చు రూ.260 (సరుకులు). తీసింది 129 నిమిషాలు. పనికొచ్చింది 11 సెకన్లు.*

దశ 2: పైనుంచి తీసే స్టాండు (2, 3 శనివారాలు)

పిల్లలు చూసే వంట వీడియోలు సగం పైనుంచి తీసినవే. కాబట్టి స్టాండు కావాలన్నారు. కొనేదానికి ధర చూసి ముప్పావు అంగుళం పీవీసీ పైపు తెచ్చాం. పది అడుగుల పైపు ఒక్కటి సరిపోతుంది:

1. 70 సెం.మీ. ముక్కలు రెండు, కాళ్లకు.
2. 80 సెం.మీ. ముక్క ఒకటి, అడ్డానికి.
3. 20 సెం.మీ. ముక్కలు నాలుగు, పాదాలకు.
4. మూలలకు ఎల్బోలు (వంపు జాయింట్లు) రెండు, కాళ్ల కింద టీ ఆకారం జాయింట్లు రెండు, పాదాల చివర మూతలు నాలుగు.
5. అడ్డం మధ్యలో రంధ్రం చేసి, మొబైల్ క్లాంపుని బోల్టుతో బిగించాలి. హార్డ్‌వేర్ షాపులో దొరికే పావు అంగుళం బోల్టు క్లాంపులో స్క్రూ తిరిగే రంధ్రానికి సరిపోయింది.

కోసిన ముక్కలన్నీ కలిపితే 300 సెం.మీ. పైపు 305. రంపం తినేసింది పోను దాదాపు ఏమీ మిగల్లేదు, కాబట్టి ఒక్కసారి తప్పు కోస్తే ఇంకో పైపే.

మొదటి ప్రయత్నం: ఉల్లిపాయలు తరిగే బల్ల మీదే స్టాండు పెట్టాం. కత్తి దెబ్బ పడినప్పుడల్లా బొమ్మ అదిరింది. చూస్తుంటే ఆదోని రోడ్డు మీద ఆటోలో కూర్చుని తరుగుతున్నట్టుంది. పాదాల్లో ఇసుక పోసి మూతలు బిగించాం, అదురు తగ్గింది కానీ పోలేదు. చివరికి స్టాండు పాదాల్ని రెండు పక్కలా వేరే స్టూళ్ల మీదికి మార్చి, బల్లకి తగలకుండా చేశాక ఆగింది. ఇసుక పని దండగని కాదు, గాలికి ఊగకుండా అది పనికొచ్చింది.

రెండో ప్రయత్నం పొయ్యి మీద. ఇది నా తప్పు. ఆరు నిమిషాల్లో మూడు సంగతులు జరిగాయి. ఆవిరికి లెన్సు మసకబారింది. నూనె తుంపరలు సన్నటి పొరలాగా పేరుకున్నాయి (తుడిచిన గుడ్డ మీద పసుపు మరక కూడా వచ్చింది). ఆరో నిమిషానికి ఫోన్ వేడెక్కిపోయిందని హెచ్చరిక చూపించి, కెమెరా ఆపేసింది. ఫిజిక్స్ చెప్పే మనిషిని. వేడిగాలి పైకే పోతుందని బళ్లో చెప్పే పాఠం. ఆ ఫోన్ ఎవరిదో ఆ అమ్మాయి నన్నేమీ అనలేదు, వాళ్ల నాన్న అప్పు చేసి కొనిచ్చాడని తర్వాత తెలిసింది. ఫోన్ బాగానే ఉంది. కానీ ఆ రోజు నుంచి పొయ్యి దగ్గరికి పోయే ఫోన్ నాదే.

మార్చినవి: పైనుంచి తీసేది మంట లేని పనులకే. తరగడం, పిండడం, పొడి కలపడం, ఆఖరి పళ్లెం. పొయ్యి మీది పనికి ఫోన్ పక్కనుంచి, బాణలి అంచుకి 60 సెం.మీ. దూరంలో, 45 డిగ్రీల వంపున, రెండింతల జూమ్ ముందే పెట్టుకుని. ఆవిరి ఎటు పోతోందో ముందు అగరుబత్తి పొగతో చూసుకుని, ఫోన్ దానికి ఎదురు పక్కన. లెన్సు ప్రతి షాటుకీ ముందు తుడవాలి, చున్నీతో కాదు.

*ఇప్పటిదాకా: ఖర్చు రూ.850 (పైపు సామాను 350, క్లాంపు 150, సరుకులు 90 కలిపి). తీసింది 153 నిమిషాలు. పనికొచ్చింది 20 సెకన్లు.*

దశ 3: ట్యూబ్‌లైటు గీతలు, ఆకుపచ్చ పసుపు (4, 5 శనివారాలు)

ప్రొజెక్టర్ మీద చూసేటప్పుడు బొమ్మలో నల్లటి చారలు మెల్లగా పైకి పాకుతున్నాయి. ఫోన్ తెరమీద ఎవరికీ కనబడలేదు. మన కరెంటు 50 హెర్ట్జ్. చవక ఎల్ఈడీలు సెకనుకు వంద సార్లు ఎక్కువ తక్కువ అవుతుంటాయి, కంటికి తెలియదు. ఫోన్ షట్టరు సెకనులో అరవయ్యో వంతు తెరుచుకుంటే ఆ వందతో పొంతన కుదరదు, చారలు పడతాయి. యాభయ్యో వంతు గానీ వందో వంతు గానీ పెడితే పోతాయి. ఆరు ఫోన్లలో రెండింటికే వీడియోలో షట్టరు మార్చుకునే వీలుంది. మిగతా వాటిలో ఓపెన్ కెమెరా యాప్ వేసి, ఫ్లికర్ తగ్గించే సెట్టింగులో 50 హెర్ట్జ్ పెట్టాం. మూడింటిలో పని చేసింది, ఒకదానిలో చేయలేదు.

ఈలోపు ఇంకో గొడవ. కిటికీ వెలుతురు ఒక పక్క, ట్యూబ్‌లైటు ఒక పక్క పడేసరికి పసుపు కలిసిన బొరుగులు ఒక వైపు బంగారంలాగా, ఇంకో వైపు పాచిపట్టినట్టు ఉన్నాయి. వైట్ బ్యాలెన్స్ (ఏ వెలుతురులోనైనా తెలుపు తెల్లగానే కనబడేలా కెమెరా రంగులు సర్దడం) గురించి నలభై నిమిషాలు పాఠం చెప్పాను. హోమ్‌సైన్స్ మేడం విని విని లేచి ట్యూబ్‌లైట్లు ఆపేసింది. రెండు సమస్యలూ పోయాయి.

ఆ తర్వాత యూట్యూబ్ వంటలతో పేరు తెచ్చుకున్న మస్తానమ్మ పుచ్చకాయ చికెన్ వీడియో వేసి, సౌండు మూసి చూపించాను. వయసు నూరు దాటిందని చెప్పుకున్న ఆ అవ్వ 2018 డిసెంబరులో పోయింది, ఆ వీడియోలు ఇప్పటికీ ఎందుకు చూడబుద్ధేస్తాయో పిల్లల్నే చెప్పమన్నాను. ఆరుబయట, పగటి వెలుతురు, కెమెరా ఆమె కూర్చున్న ఎత్తులోనే. లైటు కొనలేదని ఏడ్చేవాళ్లకి అది చాలు.

మా కిటికీలో పనికొచ్చే వెలుతురు పొద్దున 8:30 నుంచి 10:30 దాకే. ముందు ఎండ సూటిగా పడి స్టీలు గిన్నెలు మెరిసిపోతాయి, తర్వాత నీడ ముదురుతుంది. మార్చినవి:

1. పొద్దున 8 కల్లా ల్యాబు తెరవాలి. తరగడం, కొలవడం అన్నీ అప్పుడే.
2. కిటికీకి తెల్ల పంచె ఒక పొర కట్టాలి. (మా ఆయనది. తిరిగి ఇచ్చేటప్పుడు మిరపకాయ బజ్జీ వాసన.)
3. కిటికీకి ఎదురు పక్కన థర్మోకోల్ షీటు నిలబెడితే నీడలో ఉన్న సగం కూడా తేలుతుంది.
4. స్టీలు గిన్నెలు పక్కన పెట్టి ఇనుప బాణలి, మట్టి మూకుడు వాడాలి.
5. తెరమీద వేలు నొక్కిపట్టి ఫోకస్, వెలుతురు రెండూ లాక్ చేయాలి. లేకపోతే తెల్ల బొరుగులు పడగానే బొమ్మంతా నల్లబడుతుంది.

*ఇప్పటిదాకా: ఖర్చు రూ.1,020 (థర్మోకోల్ 100, సరుకులు 70 కలిపి). తీసింది 171 నిమిషాలు. పనికొచ్చింది 42 సెకన్లు.*

దశ 4: కెమెరా పక్కన పెట్టి స్టాప్‌వాచ్ (6, 7 శనివారాలు)

అయిదు వారాలకి 42 సెకన్లు. ఫోన్లు, లైట్లు, స్టాండు అన్నీ కుదిరాక కూడా ఆవాలు పేలే షాటు ఒక్కటి కూడా సరిగ్గా రాలేదు. ప్రతి జట్టూ అక్కడే తప్పుతోంది. అప్పుడు ఆరో శనివారం ఫోన్లన్నీ లోపల పెట్టించి, మూడుసార్లు ఉగ్గాని చేయించి ప్రతి పనికీ టైము రాయించాను. మూడింటి సగటు ఇది. రెండు పెద్ద గరిటెల నూనె, మధ్యస్థం మంట:

- నూనె కాగడానికి 75 సెకన్లు
- ఆవాలు వేశాక మొదటి చిటపటకి 4 సెకన్లు, ఆఖరి చిటపటకి 17
- శనగపప్పు రంగు మారడానికి 35
- కరివేపాకు వేశాక మాడకుండా ఉండేది 8
- ఉల్లిపాయ మెత్తబడడానికి 4 నిమిషాల 10 సెకన్లు
- పసుపు వేశాక బొరుగులు పడాల్సింది 10 లోపు
- బొరుగులు నీళ్లలో 50 (70 దాటితే ముద్ద)

ఈ కాగితం గోడకి అంటించాక పిల్లలకే తెలిసిపోయింది. ఆవాలకి మనకి ఉన్నది పదమూడు సెకన్లు. ఫోకస్ వెతుక్కోవడానికే ఆరు సెకన్లు పోతోంది. వంట తెలుసనుకున్నాం గానీ దానికి ఎంతసేపు పడుతుందో ఎవరికీ తెలియదు, మా మేడంతో సహా. ఉల్లిపాయ వేగడానికి ఎంతసేపని అడిగితే పన్నెండు మందీ "రెండు నిమిషాలు" అన్నారు.

దీని నుంచి వచ్చింది మా పద్ధతి. పనులన్నిటినీ రెండు వరసల్లో రాయాలి: ఆగేవి, ఆగనివి. తరగడం, పొడి కొట్టడం, నిమ్మకాయ పిండడం, పళ్లెంలో పెట్టడం ఆగుతాయి, ఎన్నిసార్లైనా తీయొచ్చు. ఆవాలు, కరివేపాకు, పసుపు ఆగవు. ఆగని వాటిని అసలు వంటలో తీయకూడదు. తిరగవాత గరిటెలో చెంచాడు నూనెతో విడిగా అయిదుసార్లు వేయించి, అయిదుసార్లు తీయాలి. దగ్గరి షాటులో అది గరిటో బాణలో ఎవరికీ తెలియదు. అయిదింటికీ నూనె, ఆవాలు, కరివేపాకు కలిపి ఖర్చు ఇరవై రూపాయల లోపే.

షాటు తీసే వరస:

1. ఫోన్ నిలబెట్టి, ఖాళీ గరిటెలో ఒక ఆవగింజ వేసి దాని మీద ఫోకస్ లాక్.
2. గింజ తీసేసి నూనె. 60 సెకన్లు ఆగాలి (చెంచాడే కాబట్టి ముందే కాగుతుంది, చూసుకోవాలి).
3. తీసే మనిషి రికార్డు నొక్కి "ఊ" అనాలి. వండే మనిషి మనసులో రెండు లెక్కపెట్టి ఆవాలు వేయాలి.
4. ఎవరూ మాట్లాడకూడదు.

రెండో ప్రయత్నానికే వచ్చింది. గరిటె అంచు మీంచి ఒక ఆవగింజ ఎగిరి, లెన్సుకి సూటిగా వచ్చి, తెరంతా మసకై మళ్లీ తేరుకుంటుంది. అది మేం చేసింది కాదు. దాన్ని మాత్రం ఎవరూ కత్తిరించనివ్వలేదు.

ఈసారి వంటలు కూడా విడదీశాం. జట్టు 1 ఉగ్గాని, జట్టు 2 మిరపకాయ బజ్జీ, జట్టు 3 చెనిక్కాయల ఊరిబిండి (వేరుశనగ పచ్చడి).

ఏడో శనివారం ఒక కొత్త దెబ్బ. జట్టు 1 సగం షాట్లు ఆరో వారం చివర్లో తీసింది, మిగతావి ఏడో వారం. మధ్యలో వండే అమ్మాయి వాళ్ల అక్క పెళ్లి. ఎర్రగా పండిన గోరింటాకుతో వచ్చింది. వీడియోలో ఉల్లిపాయ తరిగే చేతికి ఏమీ లేదు, అదే ఉల్లిపాయ బాణలిలో వేసే చేతికి మోచేతి దాకా గోరింటాకు. మళ్లీ తీయాల్సింది ఏడు షాట్లు. అప్పటి నుంచి షాట్ల కాగితం మీద పై వరసలోనే రాస్తున్నాం: చేయి ఎవరిది, గాజులు ఎన్ని, ఉల్లిపాయ ముక్క ఎంత సైజు.

*ఇప్పటిదాకా: ఖర్చు రూ.1,160. తీసింది 229 నిమిషాలు. పనికొచ్చింది 152 సెకన్లు. మొదటి వారం ఒక్క సెకను కోసం సుమారు 700 సెకన్లు తీశాం. ఈ దశలో 32.*

దశ 5: సౌండు (8వ శనివారం)

తక్కువ రాస్తాను, ఎందుకంటే తప్పులు మామూలువే. ఎగ్జాస్టు ఫ్యాను మోత ప్రతి షాటులో ఉంది. ఆపితే దగ్గు ఉంది. కాలరుకి పెట్టుకునే వైరు మైకు, ఆరు మీటర్ల వైరున్నది, 850కి కొన్నాం. వైరు పొయ్యి పక్కనుంచి పోకుండా మనిషి చుట్టూ తిప్పి వెనకనుంచి తేవాలి.

మైకుని వేరే ఫోన్‌కి పెట్టి రికార్డు చేశాం. మొదట్లో గరిటెతో పళ్లెం మీద ఒక్కటి కొట్టి, ఆ శబ్దాన్ని, బొమ్మని కలుపుకున్నాం. మొదట్లో కుదిరింది, నాలుగు నిమిషాల క్లిప్పు చివరికి వచ్చేసరికి శబ్దం ముందు, చేయి వెనక. ఫోన్లు ఫ్రేముల్ని ఒకే వేగంతో రాయవు, వెలుతురు తగ్గితే నెమ్మదిస్తాయి. అందుకే జారిపోతుంది. మందు సులువు: పొడుగు క్లిప్పులు తీయకపోవడమే. పదిహేను సెకన్ల షాటులో జారడం తెలియదు.

చిటపట శబ్దం విడిగా, మంట ఆపేసిన క్షణంలో, మైకు పక్కనుంచి ఒక జానెడు దూరంలో పట్టుకుని రికార్డు చేశాం. మంట శబ్దం ఉండదు, చిటపట మాత్రం ఇంకా నడుస్తుంటుంది.

వెనక చెప్పే మాటలు హాస్టల్ గదిలో, మంచం మీద పరుపు నిలబెట్టి, దుప్పటి కప్పుకుని. జట్టు 1 రాసుకొచ్చింది 190 మాటలు. చదివితే ఒక నిమిషం 48 సెకన్లు. 85 మాటలకి కుదించాక 48 సెకన్లు. ఏం తీసేశారంటే, తెరమీద కనబడేదాన్ని మళ్లీ చెప్పేవన్నీ. "ఇప్పుడు ఉల్లిపాయలు వేస్తున్నాం" అని చెప్పక్కర్లేదు, వేస్తూనే ఉన్నారు. "బొరుగులు గట్టిగా పిండొద్దు, పిడికిట్లో నీళ్లు కారడం ఆగితే చాలు" అన్నది ఉంచాం. అది కంటికి కనబడదు.

*ఇప్పటిదాకా: ఖర్చు రూ.2,070 (మైకు 850, సరుకులు 60 కలిపి). తీసింది 241 నిమిషాలు. పనికొచ్చింది 172 సెకన్లు.*

దశ 6: ఎడిటింగ్ (9, 10 శనివారాలు)

కంప్యూటర్ ల్యాబులో షాట్‌కట్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ వేశాం. ఉచితం, మంచిదే. మా 4 జీబీ సిస్టమ్‌లు మాత్రం క్లిప్పు లాగితే టీ తాగొచ్చేంత సేపు ఆలోచించాయి. ఒక శనివారం అలా పోయింది. పదో వారం ఫోన్లలోనే చేశాం. కైన్‌మాస్టర్ యాప్ ఉచితంగా వాడితే మూలన ముద్ర పడింది, అందుకని వీఎన్ అనే ఇంకో యాప్‌కి మారాం. సిస్టమ్ బాగుంటే షాట్‌కటే నేర్పేదాన్ని, పెద్ద తెరమీద తప్పులు కనబడతాయి.

క్లిప్పులు వాట్సాప్‌లో వీడియోగా పంపుకుంటే నలిగిపోయి వస్తాయి. డాక్యుమెంటుగా పంపాలి. ఇది రెండుసార్లు చెప్పాను, మూడోసారి జట్టు 3 ఊరిబిండి వీడియో మొత్తం నలిగిన క్లిప్పులతోనే ఎడిట్ చేసి తెచ్చింది.

ఉగ్గాని మొదటి కూర్పు 2 నిమిషాల 40 సెకన్లు. యూట్యూబ్ షార్ట్స్‌కి 2024 అక్టోబరు నుంచి మూడు నిమిషాల దాకా పెట్టుకోవచ్చు, పిల్లలు అదే వాదించారు. నేను నిమిషమే అన్నాను. మూడు నిమిషాలుంటే ఏదీ తీసేయరు, ఏదీ తీసేయకపోతే ఎడిటింగ్ నేర్చుకోరు. రెండో కూర్పు 1:25. ఆఖరిది 58 సెకన్లు. కత్తిరించే పద్ధతి ఒకటే: ప్రతి షాటునీ చేయి కదలడం మొదలయ్యాక తెరవాలి, పని పూర్తయ్యే ముందే మూయాలి. ఉల్లిపాయ సగం తరిగినప్పుడు వదిలేసి బాణలికి పోవచ్చు, మిగతా సగం చూసేవాళ్లే తరుగుకుంటారు. పేజీ తిప్పినట్టు, గుండె ఆకారంలో తెరుచుకున్నట్టు వచ్చే మార్పులన్నీ నిషేధం. సినిమా పాటలు కూడా.

తెలుగు అక్షరాలు పెద్ద గోల. యాప్‌లో బయటి ఫాంటు ఎక్కించి "తిరగవాత" రాస్తే బాగానే వచ్చింది, "పుట్నాలు" రాస్తే టకారం కింద నావత్తు విడిపోయి పక్కకొచ్చి కూర్చుంది. వత్తులున్న ప్రతి మాటా అంతే. కంప్యూటర్లో మండలి ఫాంటుతో రాసి, వెనక ఏ రంగూ లేని బొమ్మగా దాచుకుని, దాన్ని వీడియో మీద అతికించాం. ఆ బొమ్మని అడుగున పెట్టొద్దు. వీడియో పేరు, బటన్లు అక్కడే పడి మూసేస్తాయి.

ఆఖరికి: ఉగ్గాని 58 సెకన్లు, బజ్జీ 47, ఊరిబిండి 41.

*ఇప్పటిదాకా: ఈ దశలో ఖర్చు లేదు. పది శనివారాలు, రూ.2,070, మూడు వీడియోలు.*

దశ 7: జేజి, ఏడు రొట్టెలు (11వ శనివారం)

జట్టు 3లో ఒక అబ్బాయి వాళ్ల జేజి (అవ్వ) చేసే జొన్న రొట్టెలు తీస్తామని అడిగాడు. కాలేజీ నుంచి ఆటోలో ఇరవై నిమిషాలు. కట్టెల పొయ్యి, వెనక తలుపులోంచి వెలుతురు. షాట్ల కాగితం రాసుకుని, గడియారం పట్టుకుని పోయాం. స్టాప్‌వాచ్ చూసి జేజి నవ్వింది. ముఖం చూపించొద్దంటే చూపించం అని చెప్పాను. "సూపియ్యి, నా మొగానికేమైంది" అంది.

వేన్నీళ్లు పోసి పిండి కలిపింది. ఉండ చేసి పీట మీద పెట్టి, కుడి అరచేత్తో తట్టుతూ ఎడమ చేత్తో తిప్పుతోంది. చిటికెడు పిండి చల్లుతూ, అంచుని వేళ్లతో సర్దుతూ. ఆ తట్టుడుకి ఒక తాళం ఉంది. మావాడు ఫోన్ పట్టుకుని "జేజీ, ఒక్క నిమిషం ఆగు, ఫోకస్ రాలే" అన్నాడు. ఆమె ఆగలేదు. రొట్టె ఎత్తి పెనం మీద వేసి, పైన తడిచెయ్యి పూసి, అప్పుడు అంది: "రొట్టె మాడితే నీ ఫోకసు తింటావా?"

మొదటి రొట్టె పోయింది. ఏం చేయాలా అని కాగితం చూసుకునేలోపు ఆమె రెండో ఉండ తీసుకుంది. అదే పీట, అదే చేయి, అదే తాళం. నాకు అప్పుడు వెలిగింది. ఆమెని ఆపక్కర్లేదు. ఆమే మళ్లీ చేస్తోంది.

ఫోన్లు రెండు. వరస అక్కడే మార్చేశాం:

1. రొట్టె 1: పోయింది.
2. రొట్టె 2: గది మొత్తం, తలుపు దగ్గర్నుంచి.
3. రొట్టె 3: చేతులు, పక్కనుంచి.
4. రొట్టె 4: పీట, పైనుంచి (స్టాండు లేదు, మావాడు స్టూలెక్కి ఊపిరి బిగబట్టాడు).
5. రొట్టె 5: పెనం మీద తడిచెయ్యి పూయడం.
6. రొట్టె 6: నిప్పుల మీద పొంగడం. మొదటి ఫోన్ ఫోకస్ తప్పింది, రెండోది పట్టింది.
7. రొట్టె 7: జేజి ముఖం. శబ్దం కూడా ఇందులోదే.

ఒక్కో రొట్టె తట్టడానికి 40 సెకన్లు, ఏడింటిలోనూ రెండు సెకన్ల తేడా కూడా రాలేదు. ఏడు రొట్టెలు పదకొండు నిమిషాల్లో అయ్యాయి. రెండు ఫోన్లలో కలిపి 22 నిమిషాలు తీస్తే 68 సెకన్లు పనికొచ్చాయి. సెకనుకు 19. ఎడిటింగులో మూడో రొట్టె చేతులకి ఆరో రొట్టె పొంగు అతికిస్తే అతుకు కనబడలేదు. ఆఖరి వీడియో 52 సెకన్లు, తిరగవాత గరిటె అవసరం రాలేదు.

నేను ఉగ్గానితో మొదలుపెట్టడమే తప్పు. ఒకే బాణలిలో ఒకేసారి అయిపోయే వంట కొత్తవాళ్ల చేతికి ఇవ్వకూడదు. రొట్టె, దోసె, పూరీ, బజ్జీ లాంటివి ఇవ్వాలి. ఒకటి పోతే ఇంకోటి వస్తుంది, వండే మనిషిని ఆగమనక్కర్లేదు, సరుకు పారేయక్కర్లేదు. జట్టు 2 బజ్జీలు మిగతా జట్ల కన్నా తొందరగా ఎందుకు కుదిరాయో కూడా అప్పుడే తట్టింది. మేం ఆ జట్టు తెలివైనదనుకుంటూ వచ్చాం.

రెండో విడతకి ఇదీ వరస: మొదటి రెండు శనివారాలు రొట్టె, తర్వాత స్టాప్‌వాచ్, తర్వాత తిరగవాత, ఉగ్గాని ఆఖరున. స్టాండు మూడో వారానికి. మైకు మొదటి రోజు నుంచే.

*ఇప్పటిదాకా: ఖర్చు రూ.2,190 (జొన్న పిండి 2 కిలోలు, 120 కలిపి). తీసింది 263 నిమిషాలు. పనికొచ్చింది 240 సెకన్లు. వీడియోలు 4.*

వీడియో చూపించడానికి పోయిన ఆదివారం జేజి దగ్గరికి వెళ్లాం. రెండుసార్లు చూసింది. రెండో విడత పిల్లలు వస్తారు, మళ్లీ చేస్తావా అని అడిగితే, ఎన్ని రొట్టెలు కావాలంది. పది అన్నాను.

"తినేకా, తీసేకా?"

రెండింటికీ అంటే, పిండి ఇంకో కిలో ఎక్కువ తెచ్చుకోమంది.